ప్రింటర్‌లో నల్ల అక్షరాల మధ్య తెల్ల గీతలు: ముందు క్లీనింగ్ బటన్ వదిలేయండి

ప్రశ్న: మా ఇంట్లో ఇంక్‌జెట్ ప్రింటర్ ఉంది. కొని రెండేళ్లయింది. పిల్లల ప్రాజెక్టులకు, ఎప్పుడైనా ఒక ఫారం తీసుకోవడానికి తప్ప పెద్దగా వాడం. సెలవులకు వెళ్లొచ్చి ఆన్ చేస్తే నల్ల అక్షరాల మధ్య సన్నని తెల్ల గీతలు వస్తున్నాయి. ఫొటోలన్నీ ఆకుపచ్చ ఛాయలో పడుతున్నాయి. హెడ్ క్లీనింగ్ ఏడెనిమిది సార్లు చేశాను. గీతలు పోకపోగా ట్యాంకుల్లో ఇంకు సగానికి దిగింది. ఒక్కోసారి కాగితాలు రెండేసి లాగేస్తుంది, ఒక్కోసారి అసలు తీసుకోదు. దానికి తోడు కంప్యూటర్‌లో 'ఆఫ్‌లైన్' అని చూపిస్తుంది, ప్రింటర్‌కేమో లైటు వెలుగుతూనే ఉంటుంది. రిపేరు చేయించాలా, పడేసి కొత్తది కొనాలా?
ఒక పాఠకురాలు

సమాధానం: ముందు ఆ హెడ్ క్లీనింగ్ ఆపేయండి. ఇంకొక్కసారి నొక్కి చూద్దామని ఎవరికైనా అనిపిస్తుంది, కానీ మీ విషయంలో ఇప్పటికే కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడే దాకా వచ్చింది. ఆ బటన్ నొక్కినప్పుడు లోపల ఏం జరుగుతుందో చూడండి. హెడ్, అంటే కాగితం మీద ఇంకు చల్లే భాగం, వెళ్లి ఒక చివరనున్న రబ్బరు మూత మీద కూర్చుంటుంది. కింద నుంచి చిన్న పంపు నాజిళ్లలోని, అంటే హెడ్‌కున్న సన్నని రంధ్రాల్లోని, ఇంకును బలంగా లాగుతుంది. లాగిన ఇంకంతా ప్రింటర్ అడుగున స్పాంజిలా ఉండే ప్యాడ్‌లోకి పోతుంది. మూసుకుపోయింది ఒక్క రంగే అయినా చాలా మోడళ్లు అన్ని రంగులూ లాగేస్తాయి. నాజిల్‌లో గడ్డకట్టిన ఇంకు నానాలంటే టైమ్ పడుతుంది. వెంటవెంటనే లాగుతూ పోతే అది నానదు, పైగా ఒక్కోసారి గాలి లోపలికి చేరి, అప్పటిదాకా బాగా పడుతున్న రంగులు కూడా పడటం మానేస్తాయి.

రెండోది, మీరు రాసినవన్నీ ఒకే జబ్బు కాదు. గీతలు, రంగు మారడం హెడ్‌కు సంబంధించినవి. కాగితాల గోల రోలర్‌ది. 'ఆఫ్‌లైన్' అనేది కంప్యూటర్, రూటర్, ప్రింటర్ మధ్య నడిచే వ్యవహారం. అన్నీ ఒకేసారి వచ్చిపడేసరికి మొత్తం పోయిందనిపించి ఉంటుంది. మీరు రాసిన లక్షణాలు చూస్తే నాకైతే అలా అనిపించడం లేదు.

ఏ తేడా వచ్చినా మొట్టమొదట చేయాల్సిన పరీక్ష ఒకటుంది. మీ ప్రింటర్‌కు పైన స్కానర్ ఉంటే, కంప్యూటర్‌ను అసలు ముట్టుకోకుండా, బాగా ప్రింటైన ఒక పేజీని అద్దం మీద బోర్లా పెట్టి కాపీ బటన్ నొక్కండి. కాపీ శుభ్రంగా వస్తే ప్రింటర్ బాగానే ఉంది, తప్పు కంప్యూటర్‌లోనో, సెట్టింగుల్లోనో, వైఫైలోనో ఉంది. కాపీలోనూ అవే గీతలుంటే తప్పు ప్రింటర్‌దే, డ్రైవర్లు (ప్రింటర్‌ను నడిపే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్) తీసేసి మళ్లీ వేసుకుంటూ కూర్చోనక్కర్లేదు. ఇందులో ఒక చిన్న మెలిక ఉంది. పైనుంచి కాగితాలు వాటంతటవే లోపలికి వెళ్లే ఫీడర్ ద్వారా కాపీ తీసినప్పుడు మాత్రమే పేజీ పొడవునా ఒక నల్ల గీత వస్తుంటే అది ఇంకు సమస్య కాదు. పక్కనున్న సన్నని అద్దం పట్టీ మీద ఏ వైట్‌నర్ చుక్కో అంటుకుని ఉంటుంది. తడిగుడ్డతో తుడిస్తే పోతుంది.

ఇక మీ గీతల సంగతికి వద్దాం. నాజిల్ చెక్ పేజీ ఒకటి తీయండి. ప్రింటర్ మెనూలో 'మెయింటెనెన్స్' కింద ఉంటుంది, స్క్రీన్ లేని మోడళ్లలో కంప్యూటర్‌లో ప్రింటర్ ప్రాపర్టీస్ లోపల దొరుకుతుంది. క్లీనింగ్‌తో పోలిస్తే దీనికయ్యే ఇంకు లెక్కలోకి రాదు. మెట్లు మెట్లుగా సన్నని గీతలతో నాలుగు రంగుల నమూనా వస్తుంది. కొన్ని మోడళ్లలో గళ్లూ పట్టీలూ ఉంటాయి. ప్రతి చిన్న గీతా ఒకటో కొన్నో నాజిళ్లు పనిచేస్తున్నాయనడానికి సాక్ష్యం. గీత తెగిన చోట నాజిల్ మూసుకుపోయిందని అర్థం.

ఈ పేజీని కాస్త ఓపిగ్గా చూడాలి. పసుపు గీతలు తెల్ల కాగితం మీద కంటికి ఆనవు. పారదర్శకంగా ఉండే నీలం రంగు ఫైల్ కవరు పైన పెట్టి చూస్తే అవి ముదురుగా కనబడతాయి. లేదంటే ఫోన్‌తో ఫొటో తీసి జూమ్ చేసుకోండి. తర్వాత రెండో నాజిల్ చెక్ పేజీ తీసి రెండూ పక్కపక్కన పెట్టండి. రెండింటిలోనూ ఒకే చోట గీతలు తెగి ఉంటే ఇంకు ఎండిపోయి అడ్డుపడినట్టు. తెగిన చోట్లు మారుతుంటే, అంటే మొదటి పేజీలో పడని గీత రెండో పేజీలో పడి, ఇంకోటి మాయమైతే, అది ఎండిన ఇంకు కాదు. ట్యూబుల్లో గాలి చేరి ఇంకు సరిగ్గా అందట్లేదన్నమాట. దానికి క్లీనింగ్ మీద క్లీనింగ్ కొడితే పెరిగేదే కానీ తగ్గేది కాదు. ఆఫ్ చేసి రాత్రంతా వదిలేస్తే గాలి బుడగలు కాస్త సర్దుకుంటాయి.

మీ ఫొటోలు ఆకుపచ్చగా వస్తున్నాయన్నారు కాబట్టి మెజెంటా, అంటే ఆ ముదురు గులాబీ రంగు, సరిగ్గా పడట్లేదని పేజీ చూడకుండానే ఊహించవచ్చు. మెజెంటా లేకపోతే మిగిలేవి సయాన్ (ఆకాశ నీలం), పసుపు. ఆ రెండూ కలిస్తే ఆకుపచ్చే. పసుపు పోతే బొమ్మ నీలంగా, సయాన్ పోతే ఎర్రగా తేలుతుంది. నలుపులో గీతలు కూడా ఉన్నాయంటున్నారు, అంటే నలుపు, మెజెంటా రెండూ కొంత మూసుకున్నాయి. నాజిల్ చెక్‌లో అన్ని గీతలూ నిండుగా ఉండి కూడా ఫొటో ఆకుపచ్చగానే వస్తే నా ఊహ తప్పని అర్థం. అప్పుడు పేపర్ టైప్, కలర్ సెట్టింగులు చూడాలి.

తర్వాత ఏం చేయాలన్నది హెడ్ ఎక్కడుందన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. ఇంక్‌జెట్‌లలో ఇది పెద్ద తేడా, చాలామంది పట్టించుకోరు. ఒక రకంలో నల్లది ఒకటి, మూడు రంగులూ కలిసింది ఒకటి, మొత్తం రెండే కార్ట్రిడ్జ్‌లు ఉంటాయి. బయటికి తీసి చూస్తే ఒక పక్క రాగి చుక్కలు, కింద గోధుమరంగులోనో బంగారు రంగులోనో సన్నని పట్టీ కనిపిస్తాయి. ఆ పట్టీయే హెడ్. కార్ట్రిడ్జ్ మారిస్తే హెడ్ కూడా కొత్తదే వచ్చేస్తుంది. రెండో రకంలో కార్ట్రిడ్జ్ కేవలం ఇంకు డబ్బా, లేదా పక్కన ట్యాంకులు, సన్నని ట్యూబులు. హెడ్ ప్రింటర్‌లోనే స్థిరంగా ఉంటుంది. ట్యాంకులున్నాయని రాశారు కాబట్టి మీది రెండో రకమే అయ్యుండాలి. అయితే కానన్, హెచ్‌పీ ట్యాంకు మోడళ్లలో కొన్నింటికి హెడ్‌ను వాడేవాళ్లే తీసి మార్చుకోవచ్చు. మాన్యువల్ ఒకసారి తిరగేయండి.

హెడ్ ప్రింటర్‌లోనే ఉన్న రకానికి నేను చెప్పే వరస ఇది. ఒక్కసారి క్లీనింగ్, వెంటనే నాజిల్ చెక్. కాస్తయినా మెరుగుపడితే ఇంకొకసారి క్లీనింగ్, మళ్లీ చెక్. అక్కడితో ఆపి, ప్రింటర్‌ను దాని బటన్‌తోనే ఆఫ్ చేసి, కనీసం 12 గంటలు ముట్టుకోకండి. ఈ ఎదురుచూపే అసలు మందు. హెడ్ రబ్బరు మూత కింద ఉన్నంతసేపూ లోపలి తడికి గడ్డ నానుతుంది. మర్నాడు క్లీనింగ్ చేయకుండా నేరుగా నాజిల్ చెక్ తీసి చూడండి. మీరు ఇప్పటికే ఏడెనిమిది సార్లు చేసేశారు కనుక మొదటి రెండు క్లీనింగ్‌లూ వదిలేసి తిన్నగా ఈ 12 గంటల దగ్గర్నుంచే మొదలుపెట్టండి.

అప్పటికీ దారికి రాకపోతే మెనూలో 'పవర్ క్లీనింగ్', 'డీప్ క్లీనింగ్' లాంటి పేరుతో ఇంకా బలమైనది ఒకటుంటుంది. అది చివరి అస్త్రం. ట్యూబుల్లోని ఇంకు మొత్తాన్ని లాగి కొత్త ఇంకు నింపినంత పని చేస్తుంది. దాన్ని వాడే ముందు ప్రతి ట్యాంకులోనూ కనీసం మూడో వంతు ఇంకు ఉండాలని ఎప్సన్ తన ట్యాంకు ప్రింటర్ల మాన్యువళ్లలో రాస్తుంది. అంతకన్నా తక్కువుంటే గాలి పీల్చుకుని ప్రింటర్ పాడయ్యే ప్రమాదం ఉంది. మీవి సగానికి దిగాయన్నారు, ఏ ఒక్క రంగైనా మూడో వంతు కన్నా కిందికి పోయి ఉంటే ముందు నింపుకోండి. పవర్ క్లీనింగ్ ఒకసారి చేశాక మళ్లీ చేయాలంటే ఇంకో 12 గంటలు ఆగాలి.

ఈ లోగా రేపే ఇవ్వాల్సిన ఫారం ఉంటే ఒక చిట్కా. అక్షరాల రంగును నలుపు నుంచి ముదురు నీలానికి మార్చి ప్రింటివ్వండి. మెజెంటా తక్కువగా ఉంది కాబట్టి మీకది కాస్త లేత నీలంగా పడుతుంది, అయినా చదవడానికి ఇబ్బంది ఉండదు.

రెండు కార్ట్రిడ్జ్‌ల రకం వాడేవాళ్ల కోసం కూడా చెప్పేస్తాను, ఈ ఉత్తరం చదివి వాళ్లూ ప్రయత్నిస్తారు కాబట్టి. అది చాలా సులువు. పోగులు ఊడని మెత్తని గుడ్డను గోరువెచ్చని నీటితో తడిపి పిండి, మడత పెట్టి, కార్ట్రిడ్జ్ హెడ్‌ను దాని మీద నిదానంగా ఆనించి కాసేపు ఉంచండి. రంగుల కార్ట్రిడ్జ్ అయితే గుడ్డ మీద మూడు పట్టీలు పక్కపక్కన స్పష్టంగా దిగాలి. ఒక పట్టీ రాకపోతే ఆ రంగే మూసుకుంది. గుడ్డలో శుభ్రమైన చోటు మార్చి మళ్లీ ఆనించండి. రుద్దకండి. రాగి చుక్కలను వేరే గుడ్డతో విడిగా తుడవాలి, హెడ్ తుడిచిన గుడ్డతోనే తుడిస్తే ఇంకు పూసినట్టవుతుంది. కొత్త కార్ట్రిడ్జ్ వేసినా ఏమీ పడట్లేదంటే, హెడ్ మీది రక్షణ టేపు తీశారో లేదో చూడండి. నవ్వకండి, ఇది చాలామందికి జరిగేదే.

ప్రింటర్‌లోనే ఉన్న హెడ్ మీద స్పిరిట్, నెయిల్ పాలిష్ తీసే ద్రవం, సిరంజితో ఇంకు ఎక్కించడం లాంటి ప్రయోగాలు చూపించే వీడియోలు బోలెడు. వాటి జోలికి వెళ్లొద్దనే నా సలహా. నాజిల్ రంధ్రం తల వెంట్రుక కన్నా సన్నం. సిరంజితో కాస్త గట్టిగా తోస్తే లోపలి పొరలే ఊడొచ్చేస్తాయి.

అసలు ఇంకు ఎందుకు ఎండింది? మీరు ఊళ్లో లేని రోజులు ఒక కారణం. దానికన్నా పెద్ద కారణం ప్రింటర్‌ను గోడ స్విచ్‌తో ఆపడం అయ్యుండవచ్చు. ప్రింటర్ మీది బటన్ నొక్కితే వెంటనే ఆగదు. లోపల కిర్రుమని చప్పుడు చేస్తూ హెడ్ చివరికంటా వెళ్లి రబ్బరు మూత మీద సర్దుకున్నాకే లైటు ఆరుతుంది. ఆ మూతే నాజిళ్లకు గాలి తగలకుండా కాపాడేది. గోడ దగ్గర స్విచ్ టక్కున ఆపేస్తే, లేదా ప్రింటవుతుండగా కరెంటు పోతే, హెడ్ దారిలో ఎక్కడో మూత లేకుండా ఉండిపోతుంది. ఇంక్‌జెట్ ఇంకు చాలా వరకు నీళ్లే. నాలుగు రోజులు గాలి తగిలితే నీరు ఆరిపోయి రంగు మిగులుతుంది. కరెంటు పోయినప్పుడు, రాగానే ఒకసారి ఆన్ చేసి, హెడ్ సర్దుకునేదాకా ఆగి, బటన్‌తో ఆఫ్ చేయండి. ఊరెళ్లేటప్పుడు గోడ స్విచ్ ఆపాలనుకుంటే ఆ లైటు పూర్తిగా ఆరాక ఆపండి.

కవరు తెరిచి, కరెంటు తీసేసి, టార్చి వేసి ఆ రబ్బరు మూత అంచులు ఒకసారి చూడండి. ఎండిన ఇంకు పెచ్చులు, కాగితం నూగు పేరుకుని ఉంటే మూత గట్టిగా పట్టదు. పంపు లాగినా ఇంకు బదులు గాలే వస్తుంది. అన్నిసార్లు క్లీనింగ్ చేసినా ఫలితం లేదంటే నేను ముందు అనుమానించేది దీన్నే. దూది పుల్లను నీళ్లతో తడిపి అంచుల చుట్టూ మెల్లగా తుడవండి. హెడ్ మూత మీదే కూర్చుని ఉంటే చేతితో బలవంతంగా లాగొద్దు. ముందే కవరు తెరిచి పెట్టి, ఆన్‌లో ఉన్నప్పుడు హెడ్ మధ్యకు వచ్చాక ప్లగ్ తీసి తుడవాలి. తుడిచిన వెంటనే ఆన్ చేసేయండి, లేదంటే మళ్లీ మూత లేని కథే.

తర్వాత వారానికో పదిరోజులకో నాలుగు రంగులూ ఉన్న ఒక పేజీ ప్రింట్ తీయండి. పిల్లల చేత ఏదైనా బొమ్మ వేయించినా సరే. నల్ల అక్షరాల పేజీ సరిపోదు, మిగతా రంగులు అలాగే ఎండుతాయి.

క్లీనింగ్‌లో పోయిన ఇంకు గురించి ఇంకొక్క మాట. అడుగున ఉన్న ప్యాడ్ ఎంత ఇంకు పీల్చిందో ప్రింటర్ లెక్క పెట్టుకుంటూ ఉంటుంది. లెక్క నిండితే 'ఇంక్ ప్యాడ్ గడువు ముగిసింది' అని మెసేజ్ వస్తుంది, కొన్ని కానన్ మోడళ్లలో 5బీ00 అనే కోడ్ చూపించి ప్రింటర్ ఆగిపోతుంది. కొత్త మోడళ్లలో కొన్నింటికి మెయింటెనెన్స్ బాక్స్ అని మనమే మార్చుకునే పెట్టె ఉంటుంది, పాతవాటిని సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లాలి. ఆ లెక్కను సున్నా చేసే సాఫ్ట్‌వేర్లు నెట్‌లో దొరుకుతాయి. లెక్క సున్నా అవుతుంది కానీ ప్యాడ్ ఖాళీ అవదు కదా. కొన్నాళ్లకు ఇంకు బల్ల మీదికి కారుతుంది. ప్యాడ్ మార్చాకే రీసెట్ చేయాలి.

ఇక కాగితాల సంగతి. రెండేసి లాగడం, అసలు లాగకపోవడం, ఈ రెండూ సాధారణంగా ఒకే చోట మొదలవుతాయి. కాగితం లాగే రబ్బరు రోలర్ మీద కాగితం పొడి పేరుకుని నునుపెక్కుతుంది. వేలితో తాకితే కొత్త రబ్బరు పట్టుకున్నట్టుంటుంది, పాతది జారుతుంది. ప్లగ్ తీసేసి, పోగులు ఊడని గుడ్డను నీళ్లతో తడిపి గట్టిగా పిండి, రోలర్‌ను తిప్పుతూ చుట్టూ తుడవండి. గుడ్డ బూడిదరంగుకు మారితే రోగం దొరికినట్టే. ఇక్కడ కూడా స్పిరిట్ వాడొద్దు, రబ్బరు గట్టిపడుతుంది. పూర్తిగా ఆరాకే కాగితం పెట్టండి.

కాగితం వైపు నుంచి కూడా చూడాలి. చెమ్మ పీల్చిన కాగితాలు ఒకదానికొకటి అంటుకుంటాయి. సెలవులంతా ట్రేలోనే ఉండిపోయిన కట్టను పక్కన పెట్టి, ప్యాకెట్‌లోంచి కొత్తవి తీసి, అంచులు విసనకర్రలా ఒకసారి విదిల్చి, నాలుగు పక్కలా సమానంగా సర్ది పెట్టండి. మిగిలినవి కవరులోనే ఉంచండి. ట్రేలో పక్క గైడ్లు కాగితానికి ఆనాలి, బిగించకూడదు. వదులైతే వంకరగా వెళ్తుంది, బిగిస్తే వంగి ఇరుక్కుంటుంది.

వెనక నుంచి కాగితం పెట్టే మోడల్ అయితే టార్చి వేసి లోపలికి చూడండి. పిల్లలున్న ఇంట్లో ఆ సందులో పెన్సిల్ ముక్క, క్లిప్పు, రబ్బరు, ఏమైనా ఉండొచ్చు. 'కాగితం ఇరుక్కుంది' అని చూపిస్తూ లోపల ఏమీ కనబడని ప్రింటర్లలో చాలాసార్లు దొరికేది ఇలాంటిదే. నిజంగా కాగితమే ఇరుక్కుంటే ప్లగ్ తీసి, రెండు చేతులతో, అది మామూలుగా కదిలే దిశలోనే నిదానంగా లాగండి. చిరిగితే రెండు ముక్కలూ కలిపి పేజీ పూర్తయిందో లేదో చూసుకోండి. మూల ముక్క లోపలే ఉండిపోతే మళ్లీ మళ్లీ ఇరుక్కుంటూనే ఉంటుంది. ఆ వెతుకులాటలో హెడ్ వెనకాల అడ్డంగా కట్టిన సన్నని పారదర్శకమైన ప్లాస్టిక్ పట్టీ కనబడితే దాన్ని లాగొద్దు, జిడ్డు వేళ్లు తగలనివ్వొద్దు. దాని మీద కంటికి ఆనని గీతలుంటాయి, హెడ్ తానెక్కడుందో వాటిని చూసే తెలుసుకుంటుంది. దాని మీద మరక పడితే హెడ్ వెళ్లి ఒక పక్కకు ఢీకొంటుంది.

'ఆఫ్‌లైన్' గోల చాలావరకు అడ్రస్ మారడం వల్ల. ఇంట్లో రూటర్ ప్రతి పరికరానికీ ఒక ఐపీ అడ్రస్ ఇస్తుంది. మీరు సెలవులకు వెళ్లి అన్నీ ఆపేసి వచ్చి మళ్లీ ఆన్ చేసేసరికి ప్రింటర్‌కు కొత్త అడ్రస్ వచ్చి ఉంటుంది. కంప్యూటర్ పాత అడ్రస్‌కే పంపుతూ, అక్కడ ఎవరూ పలకకపోయేసరికి 'ఆఫ్‌లైన్' అంటుంది. ముందు రూటర్ ఆపి ఆన్ చేయండి, అది పూర్తిగా లేచాక ప్రింటర్, ఆ తర్వాత కంప్యూటర్. ఈ వరసలో చేస్తేనే చాలాసార్లు సర్దుకుంటుంది.

సర్దుకోకపోతే ప్రింటర్ మెనూలో నెట్‌వర్క్ వివరాల్లో దాని ఐపీ అడ్రస్ చూసి, కంప్యూటర్ బ్రౌజర్‌లో ఆ అంకెలు టైప్ చేయండి. ప్రింటర్ సొంత పేజీ తెరుచుకుంటే వైఫై బాగానే ఉంది, తప్పు విండోస్‌లో ఉంది. అప్పుడు ప్రింటర్ క్యూ, అంటే ప్రింట్ కావాల్సిన ఫైళ్ల జాబితా, తెరిచి, 'యూజ్ ప్రింటర్ ఆఫ్‌లైన్' మీద టిక్ ఉంటే తీసేయండి. పాత ప్రింటర్‌ను జాబితాలోంచి తొలగించి, ఆ ఐపీ అడ్రస్‌తోనే కొత్తగా కలపండి. తర్వాత రూటర్ సెట్టింగుల్లో ఆ అడ్రస్‌ను ఈ ప్రింటర్‌కే రిజర్వ్ చేసేస్తే సమస్య మళ్లీ రాదు. బ్రౌజర్‌లో పేజీ అసలు తెరుచుకోకపోతే రెండూ ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నాయో లేదో చూడండి. ఇంట్లో ఒకటి గెస్ట్ వైఫైలో, ఒకటి అసలు వైఫైలో ఉంటే ఒకదానికొకటి కనబడవు. ఇంటి ప్రింటర్లలో చాలా వాటికి 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే తెలుసు. రూటర్‌లో రెండు పేర్లుంటే 5 గిగాహెర్ట్జ్ పేరు ప్రింటర్ జాబితాలోకే రాదు.

క్యూలో ఏదో ఒక ఫైల్ 'డిలీటింగ్' అంటూ కదలకుండా కూర్చుంటే విండోస్ సర్వీసుల్లో 'ప్రింట్ స్పూలర్'ను ఆపి, సి డ్రైవ్‌లో విండోస్, అందులో సిస్టమ్32, అందులో స్పూల్, అందులో ప్రింటర్స్ అనే ఫోల్డర్ లోపలున్న ఫైళ్లు తీసేసి, మళ్లీ స్పూలర్ స్టార్ట్ చేయండి. ఫోల్డర్‌ను కాదు, లోపలి ఫైళ్లను మాత్రమే.

హెడ్ బాగుపడ్డాక కూడా ప్రింట్ నచ్చకపోతే పేపర్ టైప్ సెట్టింగ్ చూసుకోండి. మామూలు కాగితం పెట్టి సెట్టింగ్‌లో గ్లాసీ ఫొటో పేపర్ అని వదిలేస్తే ఇంకు ఎక్కువ పడి తడిసిపోతుంది. నలుపుకు పిగ్మెంట్ ఇంకు (నీళ్లలో కరగని రంగు పొడితో చేసింది), రంగులకు డై ఇంకు (నీళ్లలో కరిగే రంగుతో చేసింది) వాడే మోడళ్లయితే ఆ సెట్టింగ్‌లో నల్ల ఇంకును అసలు వాడకుండా రంగులన్నీ కలిపి నలుపు చేస్తాయి, అక్షరాలు వెలిసినట్టు కనిపిస్తాయి. ఫొటో పేపర్‌కు సరైన వైపు ఏదో తెలియకపోతే ఒక మూల తడి వేలితో తాకండి. కాస్త జిగురుగా అంటుకునే వైపే ప్రింట్ చేసేది. నిలువు గీతలు విరిగినట్టు, అక్షరాలు రెండేసి పడినట్టు కనిపిస్తే అది నాజిల్ సమస్య కాదు, మెనూలోని హెడ్ అలైన్‌మెంట్ ఒకసారి నడిపితే చాలు. తక్కువ ఇంకుతో వేగంగా తీసే డ్రాఫ్ట్ మోడ్‌లో గీతలు రావడం మాత్రం దాని స్వభావం, దానికి టెన్షన్ పడొద్దు.

నల్ల అక్షరాలే ప్రింటిస్తున్నా రంగులు తగ్గుతున్నాయేమిటని చాలామంది అడుగుతారు. క్లీనింగ్‌లో అన్ని రంగులూ పోవడం ఒక కారణం, రంగులు కలిపి నలుపు చేయడం ఇంకొకటి. ఒక రంగు ఖాళీ అయితే కొన్ని ప్రింటర్లు మొత్తం ప్రింటింగే ఆపేస్తాయి. దీన్ని చాలామంది కంపెనీల దురాశ అంటారు, కొంత నిజమే కావచ్చు. కానీ కానన్, హెచ్‌పీ వాడే థర్మల్ పద్ధతిలో సన్నని హీటర్ సెకనులో లక్షో వంతు కన్నా తక్కువ సమయంలో ఇంకును దాదాపు 300 డిగ్రీల దాకా వేడెక్కించి, ఆవిరి బుడగతో చుక్కను బయటికి తోస్తుంది. ఇంకు లేకుండా ఆ హీటర్ పనిచేస్తే మాడిపోతుంది. ఎప్సన్, బ్రదర్‌లది పియెజో పద్ధతి, అందులో వేడి ఉండదు, కరెంటుకు వంగే స్ఫటికం ఇంకును నొక్కుతుంది. అక్కడా గాలి చేరితే కష్టమే. అందుకే ట్యాంకులో కింది గీత దాకా రాకముందే నింపండి.

నింపేటప్పుడు ఆ మోడల్‌కు చెప్పిన ఇంకే పోయండి. డై ఇంకు, పిగ్మెంట్ ఇంకు కలిస్తే గడ్డకట్టే అవకాశం ఉంది. కార్ట్రిడ్జ్‌లు వాడేవాళ్లు వేరే కంపెనీవి కొంటే ప్రింటర్ ఫర్మ్‌వేర్ (దాని లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ తర్వాత వాటిని ఒప్పుకోకపోవచ్చని కూడా గుర్తుంచుకోవాలి. 2016 సెప్టెంబరులో హెచ్‌పీ ప్రింటర్లు చాలా ఇలా ఇతర కంపెనీల కార్ట్రిడ్జ్‌లను ఒక్కసారిగా తిరస్కరించి పెద్ద రభస అయింది.

రిపేరా, కొత్తదా అన్నారు. 12 గంటల విరామం, రబ్బరు మూత శుభ్రం, ఒక పవర్ క్లీనింగ్ అయ్యాక కూడా నాజిల్ చెక్‌లో అదే చోట పెద్ద ఖాళీలుంటే హెడ్ మార్చాల్సిందే. సర్వీస్ సెంటర్‌లో హెడ్ ధర అడగండి, అది కొత్త ప్రింటర్ ధరలో సగం దాటితే రిపేరు మీద డబ్బు పెట్టకండి. వారంటీ ఉందేమో కూడా చూసుకోండి. ట్యాంకు మోడళ్లకు కొన్నిసార్లు ఏళ్ల లెక్కతో పాటు పేజీల లెక్క కూడా ఉంటుంది. కొనాల్సే వస్తే ముందు మీ వాడకం చూసుకోండి. నెలకు పది పేజీల నల్ల అక్షరాలైతే లేజర్ ప్రింటర్ నయం, అందులో ఉండేది పొడి, ఆరు నెలలు ముట్టుకోకపోయినా ఎండదు. ఫొటోలు, పిల్లల ప్రాజెక్టుల రంగు బొమ్మలే ఎక్కువైతే మళ్లీ ఇంక్‌జెట్టే తీసుకోండి, అయితే హెడ్‌ను, మెయింటెనెన్స్ బాక్స్‌ను మనమే మార్చుకోగలిగే మోడలేనా అని దుకాణంలోనే అడిగి మరీ తీసుకోండి.